మాట పడిపోయిన మనిషితో ఎలా మాట్లాడాలి? స్పీచ్ థెరపీ స్టూడెంట్స్ మన ఊళ్లకి ఎందుకు రావాలి?

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. ఈరోజు మా తాత గురించి చెప్తా. ఆయన ద్వారా నాకు తెలిసిన ఒక ప్రొఫెషన్ గురించి, ఆ ప్రొఫెషన్ వాళ్లకి ట్రైనింగ్ ఎక్కడ జరగాలనే దాని గురించి చెప్తా. ఇంట్లో ముసలివాళ్లు ఉన్నా, మాటలు ఇంకా రాని చిన్నపిల్లలు ఉన్నా చివరి వరకు చూడండి. చివర్లో ఈరోజే ట్రై చేయగలిగేవి కొన్ని ఉన్నాయి.

మాది సూర్యాపేట. బీటెక్ చదివింది కోదాడలో. అమ్మమ్మ వాళ్లిల్లు మిర్యాలగూడ. మిర్యాలగూడ అంటే మీకు తెలుసు కదా, ఎటు చూసినా రైస్ మిల్లులే. మా తాత అక్కడ ఒక మిల్లులో 35 ఏళ్లు గుమాస్తా. ఏ లారీలో ఎన్ని బస్తాలొచ్చాయి, తేమ ఎంత, ఎవరికి ఎంత బాకీ, అన్నీ నోటి లెక్కే. క్యాలిక్యులేటర్ తీస్తే మమ్మల్ని తిట్టేవాడు.

నేను థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు తాతకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితో పాటు మాట కూడా పడిపోయింది. మిగిలింది ఒక్కటే మాట, "అదే". నీళ్లు కావాలన్నా "అదే", కోపం వచ్చినా "అదే", అమ్మమ్మని పిలవాలన్నా "అదే".

ఇక్కడే మేము ఒక తప్పు చేశాం. తాతకి మాట పోయింది కాబట్టి బుర్ర కూడా పోయిందనుకున్నాం. ఎవరూ నోటితో అనలేదు, కానీ అందరం అలాగే ప్రవర్తించాం. ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకున్నాం. చుట్టాలొచ్చి చెవి దగ్గర గట్టిగా అరిచేవాళ్లు, "తాతా, బువ్వ తిన్నవా?" అని. తాతకి చెవులు బ్రహ్మాండంగా వినపడతాయి. ఆయన మొహం గోడ వైపు తిప్పుకునేవాడు.

అసలు తాతకి ఏమైంది?

దీని పేరు అఫేసియా. మెదడులో భాషకి సంబంధించిన భాగం ఎక్కువమందిలో ఎడమ వైపు ఉంటుంది. అక్కడ రక్తం ఆగితే భాష దెబ్బతింటుంది. ఎడమ మెదడు కుడి వైపు శరీరాన్ని నడుపుతుంది కాబట్టి, కుడి చెయ్యి పడిపోయినవాళ్లలో మాట కూడా పోవడం ఎక్కువగా చూస్తాం.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ దగ్గర ఒక పేషెంట్ ఉండేవాడు. ఆయన ఏం అడిగినా "టాన్" అనే అనేవాడు. చనిపోయాక మెదడు పరీక్షిస్తే ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పారిస్‌లో ఆయనకి "టాన్", మిర్యాలగూడలో మా తాతకి "అదే".

గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, అఫేసియా వచ్చినంత మాత్రాన తెలివి పోదు. మనిషి లోపల మనిషి అలాగే ఉంటాడు. మా భాషలో చెప్పాలంటే, డేటాబేస్ పోలేదు, ఎపిఐ పోయింది. లోపల సమాచారం ఉంది, బయటికి వచ్చే దారి దెబ్బతింది. కొందరికి మాట్లాడటం కష్టమవుతుంది, కొందరికి అర్థం చేసుకోవడం, కొందరికి రెండూ. చదవడం, రాయడం కూడా ఎంతో కొంత దెబ్బతింటాయి.

స్పీచ్ థెరపిస్ట్ అంటే ఎవరు?

ఈ పని నేర్పే కోర్సు బీఏఎస్ఎల్‌పీ, అంటే ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో బ్యాచిలర్ డిగ్రీ. నాలుగేళ్లు. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ రంగాన్ని చూసుకునే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి 1992లో చట్టం వచ్చింది. మన దేశంలో ఈ చదువుకి పెద్దదిక్కు మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, 1965లో పెట్టారు. ముంబైలో అలీ యావర్ జంగ్ ఇన్‌స్టిట్యూట్ 1983లో వచ్చింది. దాని ప్రాంతీయ కేంద్రం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. సికింద్రాబాద్‌లోనే స్వీకార్ లాంటి సంస్థలు కూడా ఉన్నాయి.

గమనించారా? మన దగ్గర ఈ చదువంతా హైదరాబాద్, సికింద్రాబాద్ చుట్టే తిరుగుతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి ఇంకా ఎక్కువ. కుడి కాలు పడిపోయిన మనిషిని బస్సెక్కించి 45 నిమిషాల సెషన్ కోసం తీసుకెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలి కూడా పోతుంది. అందుకే చాలామంది రెండుసార్లు వెళ్లి మానేస్తారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మాటకి సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 20 లక్షలు, వినికిడి వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 50 లక్షలు. వీళ్లంతా సికింద్రాబాద్‌లో ఉండరు కదా.

యాపిల్, గొడుగు, గడియారం

మేమూ తాతని హైదరాబాద్ తీసుకెళ్లాం. ఏ సెంటరో చెప్పను, అది ముఖ్యం కాదు. అక్కడ ఒక స్టూడెంట్, పాపం మంచి అబ్బాయే, బొమ్మల కార్డులు తీశాడు. యాపిల్. "తాతా, ఇదేంటి? చెప్పండి. యా... యా..." తాత "అదే" అన్నాడు. తర్వాత గొడుగు, "అదే". తర్వాత గడియారం. నాలుగో కార్డుకి తాత ఎడమ చేత్తో కార్డుల కట్ట మొత్తం పక్కకి నెట్టేశాడు.

ఆ అబ్బాయి ఫైల్‌లో పేషెంట్ సహకరించట్లేదని రాసుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ అబ్బాయి చేసిన టెక్నిక్‌లో తప్పు లేదు. పేరు చెప్పించడం నిజమైన థెరపీ పద్ధతే, మొదటి శబ్దం అందించడం కూడా పద్ధతే. కానీ 35 ఏళ్లు మిల్లు లెక్కలు నడిపిన మనిషిని ఎల్‌కేజీ పిల్లాడిలా కూర్చోబెట్టాడు. ఎవరు మీరు, ఏం పని చేసేవారు, మీకు ఏం కావాలి అని ఒక్క మాట అడగలేదు.

నెల తర్వాత ఇంకో ఇంటర్న్ వచ్చింది. ఆ అమ్మాయిది మా దగ్గరి ఊరే. సెలవులకి వచ్చినప్పుడు వాళ్ల మేడమ్ పర్మిషన్ తీసుకుని మా అమ్మమ్మ వాళ్లింటికే వచ్చింది. కార్డులు తేలేదు. మంచం దగ్గర చిన్న పీట వేసుకుని, తాత కళ్లకి సమానంగా కూర్చుంది. "తాతయ్యా, మీకు అన్నీ తెలుసని నాకు తెలుసు. మాటే బయటికి రావట్లేదు. నాకు తొందరేం లేదు" అంది. తాత మొదటిసారి గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

గోడ మీద మిల్లు క్యాలెండర్ ఉంది. ఆమె దాన్ని చూసి, "మీరు మిల్లులో చేసేవారా?" అంది. తాత తల ఊపాడు. నోట్‌బుక్, పెన్ను ఇచ్చింది. తాత ఎడమ చేత్తో, వంకర టింకరగా, నాలుగు అంకెలు రాశాడు. 5204.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మేం ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. తాత వైపే చూసి, "ఇది నాకు తెలియదు తాతయ్యా, మీరే చెప్పాలి" అంది. తాత బియ్యం డబ్బా వైపు చూపించాడు. వడ్ల పేరు! బీపీటీ 5204, సాంబా మసూరి, బాపట్లలో తయారై 1986లో వచ్చిన రకం. మా ప్రాంతంలో దాన్ని నంబర్‌తోనే పిలుస్తారు. ఆమెకి విషయం అర్థమై, "ఓ, సన్నబియ్యమా! నేను రోజూ తింటా, నంబర్ తెలియదు" అని నవ్వింది. తాత కూడా నవ్వాడు. పక్షవాతం వచ్చాక అదే మొదటి నవ్వు.

అక్షరాలు రాని మనిషికి అంకెలు మిగిలాయని ఆ రోజు తెలిసింది. ఆ క్యాలెండర్ సికింద్రాబాద్ క్లినిక్ గోడ మీద ఉండదు. ఆ బియ్యం డబ్బా అక్కడ ఉండదు. అందుకే ఈ ఎపిసోడ్.

థెరప్యూటిక్ కమ్యూనికేషన్ అంటే?

ఆ అమ్మాయి చేసిన పనికి ఒక పేరుంది, థెరప్యూటిక్ కమ్యూనికేషన్. తెలుగులో సింపుల్‌గా చెప్పాలంటే, వైద్యంలో భాగంగా పనిచేసే మాట తీరు. తీయగా మాట్లాడటం వేరు, ఇది వేరు. ఎదుటివాళ్లు తమ బాధ, భయం, అవసరం బయటపెట్టగలిగేలా మన మాటని, మౌనాన్ని, కూర్చునే తీరుని కావాలని మలచుకోవడం ఇది.

ఈ ఆలోచన ముందు నర్సింగ్‌లో, కౌన్సెలింగ్‌లో పెరిగింది. 1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్స్, నర్సుకి పేషెంట్‌కి మధ్య సంబంధమే చికిత్సలో భాగమని పుస్తకం రాసింది. కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్ట్, జడ్జ్ చేయకుండా వినడం ఎంత ముఖ్యమో చెప్పాడు. స్పీచ్ రంగంలో కెనడాలోని టొరంటోలో ఆరా కేగన్ అనే థెరపిస్ట్ అఫేసియా ఉన్నవాళ్లతో సంభాషణ ఎలా నడపాలో ఒక పద్ధతి తయారు చేసింది. దాని మూలం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: "నీకు తెలుసని నాకు తెలుసు" అని ముందు ఎదుటివాళ్లకి తెలియజేయాలి.

కేగన్ టీమ్ 2001లో ఒక పరిశోధన ఫలితం ప్రచురించింది. ట్రైనింగ్ ఇచ్చింది అఫేసియా వాళ్లకి కాదు, వాళ్లతో మాట్లాడే వాలంటీర్లకి. ట్రైనింగ్ తీసుకున్న వాలంటీర్లతో మాట్లాడినప్పుడు అఫేసియా ఉన్నవాళ్లు సంభాషణలో ఇంకా బాగా పాల్గొన్నారు. అంటే రోగికి ఏ ట్రైనింగ్ ఇవ్వకుండానే, ఎదుటి మనిషి మారితే రోగి మాట తీరు మారింది. ఒక్కసారి ఆగి ఆలోచించండి దీని గురించి.

మరి ఇది కాలేజీలో నేర్పరా? నేర్పుతారు. కౌన్సెలింగ్ పాఠాలుంటాయి, క్లాసులో ఒకరు పేషెంట్‌గా, ఒకరు థెరపిస్ట్‌గా నటిస్తూ ప్రాక్టీస్ చేస్తారు. మంచిదే. కానీ మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక పాత జోకుంది, "నా ల్యాప్‌టాప్‌లో రన్ అయ్యింది కదా!" అని. లోకల్‌లో రన్ అయినవన్నీ ప్రొడక్షన్‌లో రన్ అవ్వవు. క్లాస్‌మేట్ పేషెంట్‌గా నటిస్తే ఏడవదు, కోప్పడదు, మధ్యలో కోడలు వచ్చి "ఆయనకేం తెల్వదులే మేడం" అనదు. మన ఊరు ప్రొడక్షన్ సర్వర్ అన్నమాట.

మూడు ఊళ్లు, మూడు పాఠాలు

ఈ స్టూడెంట్స్‌ని మా మూడు ఊళ్లకి ఆరు వారాలు పంపితే ఏం నేర్చుకుంటారో చూద్దాం.

మొదటిది మిర్యాలగూడ. ఇక్కడ మా తాతలాంటి పెద్దవాళ్లు. మిల్లు గుమాస్తాలు, హమాలీలు, రైతులు. వీళ్ల దగ్గర స్టూడెంట్ నేర్చుకోవాల్సింది ఆగడం. అఫేసియా ఉన్న మనిషికి మాట వెతుక్కోవడానికి టైమ్ కావాలి. మనం రెండు సెకన్లు కూడా ఆగలేం, మధ్యలో మాట అందించేస్తాం. సైలెన్స్‌ని భరించడం కూడా ఒక స్కిల్. ఇంకోటి, అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకపోవడం. మనం మర్యాద అనుకుంటాం, కానీ ఎదుటివాళ్లు వెంటనే కనిపెడతారు. "నాకు అందలేదు, ఇంకోలా చూపించండి" అనడమే అసలైన మర్యాద.

రెండోది కోదాడ. ఇక్కడ పిల్లలు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి కదా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం. అక్కడికి వచ్చే ఒక తల్లిని ఊహించుకోండి. మూడేళ్ల బాబు, ఇంకా మాటలు లేవు. ఇంట్లో ఏమన్నారు? "వాళ్ల నాయనక్కూడా ఐదేళ్లకే మాటలొచ్చినయ్" అన్నారు. ఇంకొకరు వస పోయమన్నారు. ఇంకొకరు నాలుక కింద దారం కోయించమన్నారు. అత్తగారేమో "నువ్వు ఫోన్ చేతికిచ్చి చెడగొట్టావ్" అన్నారు.

ఇప్పుడు కొత్తగా చదువుకున్న స్టూడెంట్ ఏం చేస్తాడు? "అయ్యో, వస పోశారా? ఇంత లేట్‌గా తీసుకొచ్చారేంటి?" అంటాడు. అంతే, ఆ తల్లి వచ్చే వారం రాదు. నష్టపోయేది బాబు. చెవి వినపడకపోవడం వల్లే మాటలు రాకపోతే, ఎంత త్వరగా వినికిడి పరీక్ష చేయించి మెషిన్ పెడితే అంత మంచిది, ఎందుకంటే భాష బాగా పట్టుబడే వయసు మొదటి కొన్నేళ్లే.

అదే ట్రైనింగ్ ఉన్న స్టూడెంట్ ఎలా మొదలుపెడతాడు? "అమ్మా, బాబు మీకు ఏదైనా కావాలంటే ఎలా అడుగుతాడు?" ఇది ఓపెన్ ప్రశ్న, అవును కాదు అని తేలిపోదు. తల్లి చెప్తుంది, చెయ్యి పట్టుకుని లాగుతాడని, ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్తాడని. "అంటే మీకు చెప్పాలని వాడికి ఉంది. అది మంచి విషయం. మీరు దాన్ని గమనించారు, అది ఇంకా మంచిది." తర్వాత వినికిడి పరీక్ష గురించి మాట. వస గురించి కూడా చెప్పాలి, పిల్లల డాక్టర్లు వద్దంటారని. కానీ ఆ మాట నమ్మకం కుదిరాక, అవమానం లేకుండా చెప్పాలి. విషయం అదే, వరస మారింది. ఆ తల్లి మళ్లీ వస్తుంది.

మూడోది సూర్యాపేట, చుట్టూ ఉన్న ఊళ్లు, తండాలు. ఇక్కడ పాఠం భాష. పాఠ్యపుస్తకం తెలుగు వేరు, మన తెలుగు వేరు. ఒక పిల్లాడు "చెప్పు" అనకుండా "సెప్పు" అంటే అది ఉచ్చారణ లోపమా? వాళ్లమ్మ, వాళ్ల నాయనమ్మ, ఊరంతా అలాగే అంటుంటే అది లోపం కాదు, ఆ ఊరి మాట. "వచ్చాడు" అనకుండా "వచ్చిండు" అంటే వ్యాకరణం రాక కాదు, అదే మన వ్యాకరణం. అలాగే లంబాడా తండాలో పిల్లలకి ఇంటి భాష లంబాడీ, తెలుగు అంగన్‌వాడీలోనో బడిలోనో మొదలవుతుంది. ఐదేళ్ల పాప తెలుగులో మూడు పదాల వాక్యమే చెప్పిందని భాషా లోపం అని రాసేస్తే? ఆ పాప లంబాడీలో కథలు చెప్తుందేమో అడగాలి కదా. వాళ్లమ్మనే అడగాలి, ఇంటి భాషలో ఎలా మాట్లాడుతుందని. ఇంటి భాషలో కూడా వెనకబడి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

ఇది పుస్తకంలో ఒక పేరాగ్రాఫ్. తండాలో ఒక మధ్యాహ్నం కూర్చుంటే జీవితాంతం మర్చిపోరు.

ఆరు వారాలు ఎలా నడవాలి?

ఊరికే బస్సెక్కించి పంపితే అది ప్లేస్‌మెంట్ కాదు, పిక్నిక్. నా ఆలోచన చెప్తా, ఇంజనీర్‌ని కాబట్టి స్టెప్స్‌లో వస్తుంది.

మొదటి వారం థెరపీ బంద్. కార్డులు లేవు, టెస్టులు లేవు. ప్రతి స్టూడెంట్ ముగ్గురు మనుషులతో ఊరికే మాట్లాడాలి, అంటే ఎక్కువగా వినాలి. సాయంత్రానికి ఆ మనిషి గురించి వైకల్యంతో సంబంధం లేని ఐదు విషయాలు రాయాలి. ఏం పని చేసేవారు, ఏం వండితే ఇష్టం, ఎవరిని పేరు పెట్టి పిలుస్తారు, దేనికి నవ్వుతారు, దేనికి కోపం.

రెండో వారం నుంచి సూపర్‌వైజర్ పక్కన ఉండగా సెషన్లు. ఇంటివాళ్లు ఒప్పుకుంటే వీడియో తీసి, రాత్రి స్టూడెంట్ తన వీడియో తనే చూసుకోవాలి. నేను హోస్ట్‌ని కాబట్టి చెప్తున్నా, మన వీడియో మనం చూసుకోవడం లాంటి గురువు ఇంకొకడు లేడు. ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడ్డామో, రోగి వైపు కాకుండా కొడుకు వైపు ఎంతసేపు చూశామో అన్నీ కనపడతాయి.

వారానికోసారి గ్రూప్‌గా కూర్చుని మాట్లాడుకోవాలి. "ఈ వారం నేను ఎక్కడ తప్పు మాట్లాడాను" అని. సీనియర్ మేడమ్ కూడా తన తప్పు ఒకటి చెప్తే స్టూడెంట్స్ దాచుకోరు.

చివర్లో మార్కులు వేసేవాళ్లలో కుటుంబం కూడా ఉండాలి. రెండే ప్రశ్నలు. ఈ అబ్బాయి మీ మాట విన్నాడా? మళ్లీ వస్తే మీకు సంతోషమేనా?

మరి అభ్యంతరాలు?

ఇది చెప్తే మా బాబాయ్ ఒక ప్రశ్న అడిగాడు. "అంటే పేదోళ్ల మీద ప్రాక్టీసు చేసుకుంటరా?" న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఒకటి, వచ్చింది స్టూడెంట్ అని ముందే స్పష్టంగా చెప్పాలి. వద్దంటే వద్దు, దానివల్ల వాళ్ల పెన్షన్‌కో సర్టిఫికెట్‌కో ఏమీ కాదని కూడా చెప్పాలి. సదరం క్యాంపుల అనుభవం ఉన్న కుటుంబాలు ఫైల్ పట్టుకున్న ప్రతి మనిషిని చూసి భయపడతాయి. మాట రాని మనిషి దగ్గర కూడా పర్మిషన్ తీసుకోవాలి, కొడుకు సంతకం చేస్తే సరిపోదు. అవును, కాదు అని రాసి చూపిస్తే చాలామంది వేలు పెట్టి చూపించగలరు.

రెండు, ఆరు వారాల తర్వాత స్టూడెంట్ వెళ్లిపోతాడు. అలవాటైన మనిషి చెప్పకుండా మాయమైతే ముసలివాళ్లకి అది ఇంకో దెబ్బ. అందుకే మొదటి రోజే వెళ్లే తేదీ చెప్పాలి. వెళ్లేముందు ఏదో ఒకటి వదిలి వెళ్లాలి. ఇంటివాళ్లలో ఒకరికి పద్ధతి నేర్పాలి, అంగన్‌వాడీ టీచర్‌కి, ఆశా వర్కర్‌కి ఏ గుర్తులు చూడాలో చెప్పాలి. తర్వాత బ్యాచ్ అదే ఇంటికి రావాలి, నోట్స్ కొనసాగాలి. కోడ్ రాసి డాక్యుమెంటేషన్ లేకుండా రిజైన్ చేసిన కొలీగ్ గుర్తున్నాడా? అలా చేయొద్దు.

మూడు, స్టూడెంట్స్ వస్తున్నారు కదా అని పోస్టులు ఖాళీగా ఉంచకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో జిల్లా స్థాయి ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఉండాలి, అందులో స్పీచ్ థెరపీ కూడా ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం కూడా ఉంది. ఇది హక్కు. స్టూడెంట్ ప్లేస్‌మెంట్ ఆ హక్కుకి సాయం చేయాలి, దాని ప్లేస్‌లో కూర్చోకూడదు.

నాలుగు, ప్రాక్టికల్ ప్రాబ్లమ్స్. అమ్మాయిలకి సేఫ్‌గా ఉండే చోటు, ఊళ్లకి వెళ్లి రావడానికి బండి, పక్కన ఉండే సూపర్‌వైజర్. సూర్యాపేటలో 2019లో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ వచ్చింది. అలాంటి చోట ఒక గది, ఒక సీనియర్ థెరపిస్ట్ ఉంటే చాలావరకు దారి దొరుకుతుంది. కొన్ని ఫాలోఅప్‌లు వీడియో కాల్‌లో చేయొచ్చు. కానీ మొదటి పరిచయం మాత్రం పీట మీద కూర్చునే జరగాలి.

మీరు ఈరోజే చేయగలిగేవి

మనం థెరపిస్టులం కాదు. కానీ కేగన్ పరిశోధన చెప్పింది ఇదే కదా, ఎదుటి మనిషి మారితే చాలా మారుతుంది. మీ ఇంట్లో మాట పడిపోయిన పెద్దవాళ్లుంటే ఇవి చేయండి.

టీవీ కట్టేయండి, ఫోన్ పక్కన పెట్టండి, వాళ్ల ఎదురుగా కూర్చోండి. అరవకండి, మామూలు గొంతుతో, పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడండి. ఒకసారి ఒకే విషయం అడగండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. తెల్ల కాగితం, లావు పెన్ను దగ్గర పెట్టండి. టీ, కాఫీ అని రాసి చూపించండి, అక్షరాలు రాకపోతే బొమ్మ గీయండి, ఫోన్ గ్యాలరీలో ఫొటో చూపించండి. మీకు అర్థమైంది తిరిగి చెప్పి, "ఇదేనా?" అని అడగండి. కాకపోతే ఫర్వాలేదు, మళ్లీ ట్రై చేద్దాం అనండి. వాళ్ల ముందు వాళ్ల గురించి మూడో మనిషిలా మాట్లాడకండి.

పిల్లల విషయంలో, "తర్వాత వస్తాయిలే" అని ఆగకండి. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాకపోతే, పిలిస్తే తిరగకపోతే, ముందు వినికిడి పరీక్ష. ఇంకోటి, ఎవరికైనా సడన్‌గా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, పడుకుంటే తగ్గుతుందని అనుకోవద్దు. వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైమ్. మా ఇంట్లో ఆ రోజు తెల్లారాక చూద్దాం అనుకున్నారు. ఆ బాధ మాకు ఇప్పటికీ ఉంది.

ఇంటర్, బీటెక్ అని కొట్టుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, బైపీసీ వాళ్లయితే ముఖ్యంగా, ఈ కోర్సు గురించి ఒకసారి కనుక్కోండి. తెలంగాణ యాస వచ్చిన, లంబాడీ వచ్చిన స్పీచ్ థెరపిస్టులు మనకి కావాలి. ఇక్కడ మీ యాసే మీ క్వాలిఫికేషన్.

తాత ఆ తర్వాత మూడేళ్లున్నాడు. ఆ అమ్మాయి అమ్మమ్మకి నేర్పి వెళ్లిన పద్ధతితో పదో పన్నెండో మాటలు తిరిగొచ్చాయి. అమ్మమ్మ పేరు వచ్చింది. నా పేరు రాలేదు. కానీ నేను వెళ్లిన ప్రతిసారీ నోట్‌బుక్ తీసుకుని, ఆ రోజు వడ్ల రేటు ఎంత అన్నట్టు ఒక నంబర్ రాసి నా మొహం చూసేవాడు. నేను ఫోన్‌లో వెతికి, ఎక్కువా తక్కువా అని చూపించేవాణ్ని. తప్పు రాస్తే నెత్తి మీద ఒకటిచ్చేవాడు. అలా చాలాసేపు మాట్లాడుకునేవాళ్లం.

ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూపులో ఒకసారి షేర్ చేయండి. మాట పడిపోయిన పెద్దాయన ఎవరింట్లోనో ఉండే ఉంటారు. సెలవులకి వెళ్లినప్పుడు ఆయన దగ్గర ఒక పది నిమిషాలు కూర్చోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.